ఆగితే లేవని బండి

మా కారు పెట్రోలు మీదా నడిచేది, గ్యాసు మీదా నడిచేది. స్టీరింగు పక్కన చిన్న స్విచ్చి ఉండేది. పెట్రోలు మీద స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కాక దాన్ని గ్యాసుకు మార్చుకోవాలి. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, అశ్వారావుపేట అవతలి అడవి పల్లెల్లో అలాంటి బండి నా ఒక్కడికే ఉండేది. ఆశ్రమ పాఠశాలలో లెక్కల సారును నేను. ఆ స్విచ్చి గొప్పతనం అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పి విసిగించేవాణ్ణి. ఆదివారం చర్చి ముందు ఆపి, నొక్కి మరీ చూపించేవాణ్ణి.

ఆ గొప్పే దాని కొంప ముంచింది. పెట్రోలు దండగనిపించి, స్టార్ట్ అయీ కాకముందే గ్యాసుకు మార్చేసేవాణ్ణి. ఏళ్ళ తరబడి అలా చేసేసరికి పెట్రోలు పంపు ఎండిపోయింది. పొద్దున ఎలాగో అందుకునేది గానీ, దారిలో ఒకసారి ఆగిందంటే మళ్ళీ లేచేది కాదు.

అశ్వారావుపేటలో మెకానిక్కు బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. "పంపు పోయింది, గ్యాసు కిట్టు కూడ అయిపోవచ్చింది. చేపిస్తే నడుస్తది సారూ. ఎన్ని దినాలు నడుస్తదో మాత్రం నన్ను అడగొద్దు" అన్నాడు.

తిరుమలాయపాలెం నుంచి మా బావ, అంటే నా భార్య అన్న, ఫోను చేసి తిట్టాడు. "ఇంకా ఏం చేపిస్తవ్ బావా, అమ్మేయ్. చెల్లె వట్టి మనిషి కాదు. గిట్లాంటప్పుడు గా బండిని నమ్ముకుంటవా?"

ఆయన భయం నాకు తెలియనిది కాదు. అంతకుముందు రెండుసార్లు మాకు కడుపు నిలవలేదు. ఈసారి ఎనిమిదో నెల వచ్చింది. ఏ కొంచెం నొప్పి వచ్చినా గంట కూడా ఆలస్యం చేయకుండా రావాలని భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అయినా నేను ఏదీ తేల్చలేదు. బాగుచేయిస్తే బండి పది రోజులు షెడ్డులో ఉంటుంది, ఆ పది రోజుల్లోనే నొప్పులొస్తే? మార్చి ఇంకోటి తెస్తే, దాని లోపాలు ఏంటో నాకు తెలియవు కదా, అది దారిలో మోసం చేస్తే? ఇలా ఒక భయానికి ఇంకో భయాన్ని అడ్డం పెట్టుకుని రోజులు గడిపాను. తరగతిలో లెక్క సగంలో ఆపి కిటికీలోంచి కారు వైపు చూసేవాణ్ణి. నిజం చెప్పాలంటే, దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

బడి సెలవుల్లో ఒక పొద్దున నా భార్యకు నొప్పి మొదలైంది. కారు రెండో ప్రయత్నానికే అందుకుంది. దేవునికి స్తోత్రం చెప్పుకుని బయల్దేరాను. ఎండలు ముదిరి, ఇంకా తొలకరి పడని రోజులవి. కోయ పల్లెల్లో భూమి పండుగ నడుస్తోంది. ఆ పండగకు ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా దుంగ వేసి, పాటలు పాడుతూ వచ్చీపోయే బండ్లను ఆపుతారు. పండక్కి ఎంతో కొంత ఇస్తేనే దుంగ జరుగుతుంది. ఆ దారిలో తిరిగే వాళ్ళందరికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు. ఆ పొద్దున మాత్రం గుర్తు రాలేదు.

మలుపు తిరగ్గానే దుంగ కనిపించింది. దాని వెనక పది పన్నెండు మంది చేతులు పట్టుకుని ఆడుతున్నారు. హారన్ కొడుతూనే తల బయట పెట్టి, "ఆపితే లేవదమ్మా, దుంగ తియ్యండి" అని అరిచాను. వాళ్ళు నవ్వారు. పండగ రోజుల్లో ప్రతి డ్రైవరూ చెప్పే సాకు అదే. బ్రేకు తొక్కక తప్పలేదు. కారు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది.

తాళంచెవి తిప్పాను. స్విచ్చి పైకీ కిందికీ నొక్కాను. వెనక సీట్లో ఆమె పళ్ళ బిగువున మూలుగుతోంది. ఒక పెద్దావిడ అద్దంలోంచి లోపలికి చూసి, తమ భాషలో ఏదో అంది. పాట ఆగిపోయింది. అందరూ వచ్చి కారును తోశారు. అయినా లేవలేదు.

"ఇడిసిపెట్టు సారూ. బస్సొస్తది, ఆపుతం" అంది పెద్దావిడ.

భద్రాచలం ఎక్స్‌ప్రెస్ అక్కడ ఏనాడూ ఆగదు. ఆ రోజు దుంగ ముందు ఆగింది. నలుగురు ఆడవాళ్ళు నా భార్యను చేతుల మీద ఎత్తి బస్సులోకి చేర్చారు. పెద్దావిడ కూడా ఎక్కి ఆమె తలను ఒళ్ళో పెట్టుకుంది. నేను ఒక కాలు మెట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి కారును చూశాను. తలుపులు తెరిచి ఉన్నాయి, తాళంచెవి దానికే ఉంది. దిగి పరుగెత్తాను. అద్దాలు ఎక్కించాను, నాలుగు తలుపులూ మూశాను, తాళం వేశాను, హ్యాండిల్ లాగి చూశాను కూడా. "సారూ, జల్దీ" అని కండక్టరు బస్సు కొట్టి పిలుస్తున్నాడు. నేను తిరిగి వచ్చేసరికి నా భార్య తల ఎత్తి, కిటికీ కమ్మీ పట్టుకుని నన్నే చూస్తోంది.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. చిన్న ప్రాణం, కానీ గట్టిగా ఏడ్చింది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ అంది. నన్ను లోపలికి పంపించారు. నా భార్య కళ్ళు తెరిచి, పెదాలు తడుపుకుని, "తాళం సరిగ్గ పడ్డదా?" అని అడిగింది.

ఎత్తిపొడుపు కాదది. కోపమైతే భరించేవాణ్ణి. నాకు ఏది ముఖ్యమో ఆమెకు తెలుసు కాబట్టి, నా మనసు కుదుటపడాలని అడిగింది.