తలుపు తెరిస్తే పోయే జబ్బు

2024 ఏప్రిల్. సిర్గాపూర్ దాటాక మట్టిరోడ్డు వెడల్పు చేసే పని నడుస్తోంది. అక్కడ తవ్వుతున్న ఎక్స్‌కవేటర్ మొరాయిస్తోందని నాకు ఫోన్ వచ్చింది. నేను నారాయణఖేడ్‌లో ఉంటాను. మెకానికల్ డిప్లొమా చదివి, ఇలాంటి పెద్ద మిషన్ల ఇంజిన్ లోపాలను లాప్‌టాప్ పెట్టి చూసే ఉద్యోగం చేస్తున్నాను. పాప పుట్టాక మళ్ళీ పనిలో చేరి అప్పటికి రెండు నెలలు. పాపను అత్తమ్మ చూసుకునేది. ఎక్కడున్నా నా చెవి ఫోన్ మీదే ఉండేది.

ఈ మిషన్లలో ఇంజిన్ చుట్టూ సెన్సార్లుంటాయి. ఒకటి డీజిల్ ఒత్తిడిని, ఒకటి గాలిని, ఒకటి నూనెను కొలిచి ఈసీయూ అనే చిన్న కంప్యూటర్‌కు చెబుతుంటాయి. వచ్చిన లెక్క నమ్మేలా లేకపోతే ఈసీయూ ఒక ఫాల్ట్ కోడ్ రాసిపెట్టుకుని, ఇంజిన్ దెబ్బతినకుండా దాని బలం తగ్గించేస్తుంది. దీన్ని డీరేట్ అంటాం. బకెట్ మట్టిలోకి దిగుతుంది, పైకి లేవదు.

మొదటిరోజు కోడ్ డీజిల్ సెన్సార్ పేరు చెప్పింది. ఇంజిన్ పక్క తలుపు తెరిచి, సెన్సార్ మార్చి, తలుపు తెరిచే ఉంచి అరగంట నడిపించాను. బ్రహ్మాండంగా నడిచింది. మర్నాడు మధ్యాహ్నానికి ఆపరేటర్ సంగప్ప ఫోన్ చేశాడు.

"మేడం, మళ్ల గదే లొల్లి."

వెళ్ళి చూస్తే ఈసారి గాలి సెన్సార్ కోడ్. పైగా నిన్న కొత్తగా వేసిన డీజిల్ సెన్సార్ మీద కూడా. ప్రతి కనెక్టర్ విప్పి తుడిచాను. మీటర్ పెట్టి చూస్తే అన్నిచోట్లా రావలసిన ఐదు వోల్టులూ వస్తున్నాయి. గంటసేపు నడిపించినా ఏమీ కాలేదు. కొత్తది కూడా చెడిందా, నేనే తప్పుగా బిగించానా, లాప్‌టాప్ అబద్ధం చెబుతోందా, ఏమీ అర్థం కాలేదు.

మిషన్ యజమానిని అక్కడ అందరూ పటేల్ అంటారు. ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, నీ ముంగట గుర్రం లెక్క నడుస్తది. నువ్వు అటు పోంగనే పండుకుంటది. వీడే ఏదో చేస్తుండు."

"నేనేం చేస్త పటేలా?" అన్నాడు సంగప్ప. "పొద్దుందాక సీటు మీదనే ఉంటి. ఇంజిన్ల చెయ్యి పెట్టుడు నాకేమెరుక?"

"పదిహేనేండ్ల సంది నడుపుతుండు, ఏమెరుక లేదంట."

ఆ రోజు సర్వీస్ రిపోర్టు రాయాలి. కారణం దొరకలేదని రాయడానికి చేయి రాలేదు. "ఆపరేటర్‌ను మార్చి చూడగలరు" అని రాశాను. ఏమీ తోచనప్పుడు మేం రాసే మాట అది. పటేల్ చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సోమవారం నుంచి కొత్తోడొస్తడు. ఇగ నువ్వు వేరే పని చూస్కో," అన్నాడు సంగప్పతో.

సంగప్ప నా సామాను బండి దాకా మోసుకొచ్చాడు. "మేడం," అన్నాడు, "మీ కంప్యూటర్ల నా పేరొచ్చిందా?"

నేను హెల్మెట్ పెట్టుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఇంట్లో పాపతోనూ అదే గొడవ. ఇంట్లో రాత్రంతా దగ్గేది. దవాఖానలో డాక్టర్ ముందు నవ్వుతూ కూర్చునేది. "బాగానే ఉంది కదమ్మా" అనేవాడాయన. నేను అబద్ధం చెప్పి తీసుకొచ్చినట్టు ఉండేది.

శనివారం ఎవరూ పిలవకుండానే సిర్గాపూర్ వెళ్ళాను. సోమవారం దాకా పని తనదే కాబట్టి సంగప్ప మిషన్ దగ్గరే ఉన్నాడు. తలుపు తెరిచి, ఇంజిన్ నడిపిస్తూ, లాప్‌టాప్ క్యాబిన్‌లో పెట్టుకుని కూర్చున్నాను. రెండు గంటలైనా ఒక్క అంకె కదలలేదు. అప్పుడు అత్తమ్మ ఫోన్ చేసింది.

"పిల్ల ఒళ్లు కాలుతుంది. నేను ఆటోల దవాఖానకు తీస్కపోతున్న. నువ్వు జల్దీ రా."

దిగి పరుగున వెళ్ళి తలుపు దబాలున వేశాను. ఇంజిన్ ఆపాలన్న సంగతే మరిచిపోయాను. లాప్‌టాప్ తీసుకుందామని పైకి ఎక్కితే తెర మీద మూడు సెన్సార్ల అంకెలూ ఒక్కసారిగా పడిపోయాయి. ఇంజిన్ గొంతు మారింది.

"గిదే మేడం," అన్నాడు సంగప్ప. "గిట్లనే అయితది."

తలుపు తెరిచాను. అంకెలు లేచాయి. మూశాను. పడిపోయాయి. మూడు సెన్సార్లకూ ఐదు వోల్టులు ఒకే చోటు నుంచి పంచుకుని వస్తాయి. ఆ దారిలో ఎక్కడ తీగ బాడీకి తగిలినా మూడూ ఒకేసారి పడిపోతాయి. ఎవరి లెక్క ముందు తప్పితే వారి పేరు ఈసీయూ రాసుకుంటుంది. నేను ప్రతిసారీ తలుపు తెరిచి చూశాను. సంగప్ప ప్రతిసారీ తలుపు మూసి నడిపాడు.

తలుపు మడతబందు దగ్గర, హార్నెస్‌కు, అంటే సెన్సార్ల తీగల కట్టకు, మసిపట్టిన నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. రెండుసార్లూ చూశాను వాటిని. నిమ్మకాయ లేని మిషన్ ఇక్కడ ఉండదు కాబట్టి చూసినట్టే లేదు. వాటిని కట్టింది ఇనుప బైండింగ్ తీగతో. తలుపు మూసినప్పుడల్లా అది బిగుసుకుని, హార్నెస్‌ను కోసిన చోట లోపలి తీగను బాడీకి తగిలిస్తోంది.

దవాఖానకు పరుగెత్తాలి. కానీ సోమవారం రేపు గడిస్తే వస్తుంది. పటేల్‌కు ఫోన్ చేశాను. ఆయన పని దగ్గరే ఉన్నాడు, పది నిమిషాల్లో వచ్చాడు. తలుపు మూసి, తెరిచి చూపించాను.

"ఎవడు కట్టిండు ఇది?"

"నేనే," అన్నాడు సంగప్ప. "బోరంచ పోయి పోచమ్మకు మొక్కి కట్టిన. ముంగట కడితే తుమ్మకొమ్మలు తాకి తెగిపోతుండె. ఇంకోపారి ఊడితే నీ సంగతి చెప్త అని మీరే అంటిరి. గందుకే లోపల కట్టిన. దారం ఆగదని తీగతోని."

పటేల్ ఆ తీగను వేలితో లాగి చూశాడు. "ముంగటనే కట్టు. ఊడితే ఊడనియ్యి," అని వెళ్ళిపోయాడు. తీగ విప్పి, కోసుకుపోయిన చోట టేపు చుట్టి నేను బండెక్కాను. సోమవారం కొత్త మనిషి రాలేదు.

నేను దవాఖానకు చేరేసరికి జ్వరం తగ్గి పాప ఆడుకుంటోంది. డాక్టర్ మళ్ళీ బాగానే ఉందన్నాడు. "ఒక్కసారి పడుకోబెట్టి చూడండి సార్, ఇంట్లో పడుకుంటేనే వస్తుంది" అన్నాను. పడుకోబెట్టాడు. దగ్గింది. అప్పుడు స్టెతస్కోప్ తీశాడు.

ఇప్పుడు ఏ మిషన్ దగ్గరికి వెళ్ళినా ముందు తలుపు ముట్టుకోను. నడిపే మనిషి రోజూ ఎలా నడుపుతాడో అలాగే నడపమని పక్కన నిలబడతాను. ఆ కేసు నేర్పింది అదే. సంగప్ప ఆ తరువాత చాలాసార్లు పిలిచాడు, చాయ్ తాగించాడు. ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేదు. నేనూ జవాబు చెప్పలేదు.

కంప్యూటర్‌లో రాలేదు సంగప్పా. నేను రాశాను.