వద్దని ఎక్కడా లేదు

రూల్సు పుస్తకం చూస్తే నాకిప్పుడు డోకొస్తుంది. ఈ మాట అంటున్నది ఇరవై రెండేళ్లుగా రూల్సు చదివి జీతం తీసుకుంటున్న మనిషి. ఇళ్ల ప్లాన్లు మంజూరు చేసే ఆఫీసులో నేను గుమాస్తాని. దరఖాస్తు తప్పుగా నింపుకొచ్చిన వాళ్లని "మొదటి పేజీ చదవకుండా ఎలా వస్తారండీ?" అని ముఖం మీదే అడిగి వెనక్కి పంపడంలో నాకు పెద్ద పేరుంది.

మా బావకి చదువు గొడవ పట్టదు. మా అక్క మొగుడాయన. బస్సుల డిపోలో ముప్పై నాలుగేళ్లు బ్రేకులు బాగుచేశాడు. కరెంటు బిల్లు వచ్చినా "నువ్వు చూడరా బామ్మర్దీ" అని నా చేతిలో పెడతాడు. గోళ్లలో నలుపు పెళ్లినాడు కూడా వదల్లేదని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. ఆ చేతులతోనే, ఎవరో తుక్కు కింద అమ్మబోతున్న ముప్పై ఏళ్ల నాటి కారును తోలుకొచ్చి, వాకిట్లో మొత్తం విప్పి, మళ్లీ బిగించి, ఊరవతల రేసు ట్రాక్ మీద పరిగెత్తించడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకి యాభై ఆరు. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

ఆ ట్రాక్ మీద ఆదివారాలు సరదా రేసులు నడిపే క్లబ్బొకటి ఉంది. బావ కారుది పాత కార్ల తరగతి. అంటే కారు కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, కొన్ని మార్పులు మాత్రం చేసుకోవచ్చు. ఆ కొన్ని ఏమిటో చెప్పడానికి తొంభై పేజీల పుస్తకం! టైర్లకో అధ్యాయం, సీటు బెల్టులకో అధ్యాయం, స్ప్రింగులకో అధ్యాయం. మేం సెంటుబాబు అని పిలుచుకునే కుర్రాడొకడున్నాడు. వాడొస్తుంటే వాడికంటే ముందు వాడి సెంటు వాసనొస్తుంది. వాడి కారుకి పైరేకు తప్ప అంతా కొత్తదే. ప్రతి కొత్త సామానుకీ పుస్తకంలో ఎక్కడో ఓ అనుమతి ఉంది కాబట్టి, రూల్సు ప్రకారం అది పాత కారే. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. బావకి మాత్రం మండేది కాదు. "బాగా బిగించారురా" అనేవాడు.

రేసులు మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది, బావ ఎప్పుడూ ఐదో, ఆరో వచ్చేవాడు. కిందటేడు ఒకే ఒక్కసారి నాలుగు. గెలిచినవాళ్లు నిలబడే మూడు మెట్లలో కింది మెట్టు మీద ఒక్కసారి నిలబడాలని ఆయన కోరిక. క్లబ్బువాళ్లు ఏటా కళ్ల డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు. ఈ ఏడు డాక్టరు సంతకం పెడుతూ, వచ్చే ఏడు మాత్రం పెట్టనని తేల్చి చెప్పేశాడు. మిగిలింది ఒక్కటే రేసు.

కారుతో చిక్కేమిటంటే, చివరి రౌండ్లకొచ్చేసరికి ముందు చక్రాల బ్రేకులు కాలిపోయి, బ్రేకు పెడలు మెత్తబడి, తొక్కినా పట్టేది కాదు. బావ ఖాళీ ఆయిలు డబ్బా కత్తిరించి, రేకును గొట్టంలా చుట్టి, బంపరు కింద నుంచి చక్రం దాకా గాలి వెళ్లేలా ఒకటి తయారుచేశాడు. రెండో చక్రానికి ఇంకొకటి. బిగించే ముందు నా దగ్గరికొచ్చాడు.

"ఒరే, ఇలాంటిది పెట్టకూడదని పుస్తకంలో ఏమన్నా ఉందా?"

నేను బ్రేకుల అధ్యాయం రెండుసార్లు చదివాను. "వద్దని ఎక్కడా లేదు బావా, పెట్టేసెయ్," అన్నాను. కాలు మీద కాలేసుకుని మరీ అన్నాను.

ఆ ఆదివారం బావ మూడోవాడిగా వచ్చాడు. ఆఖరి మలుపులో సెంటుబాబు ముందే బ్రేకు వేశాడు, బావ వెయ్యలేదు; అక్కడే వాణ్ని దాటేశాడు. నేను కంచె పట్టుకుని గొంతు పోయేలా అరిచాను. సిగ్గు విడిచి ఏడ్చాను కూడా.

రేసుకు ముందు బెల్టులు, హెల్మెట్టు, మంటలార్పే సిలిండరు చూసి వదిలేస్తారు. రేసయ్యాక మొదటి ముగ్గురి కార్లే పైకెత్తి చూస్తారు. తొమ్మిదేళ్లలో బావ కారు కిందకి ఎవడూ తొంగిచూడలేదు. ఇప్పుడు చెకింగాయన టార్చి పట్టుకుని వంగాడు.

"ఇదేంటి పెద్దాయనా?"

"గాలి గొట్టం సార్. బ్రేకులు చల్లగా ఉంటాయని."

ఆయన రూల్సు పుస్తకం తీసి మొదటి పేజీ తిప్పాడు. క్లబ్బు అధ్యక్షుడి ఫొటో, శుభాకాంక్షలు ఉన్న పేజీ. ఆ ముఖం చూడలేక నేను దాటేసిన పేజీ. ఫొటో కింద ఉన్న ముక్కను ఆయన గట్టిగా చదివాడు: 'చేయవచ్చని ఈ పుస్తకంలో రాయని ఏ మార్పూ చేయకూడదు.'

"మొదటి పేజీ చదవకుండా ఎలా వస్తారండీ?" అన్నాడు.

నా మాట! అక్షరం పొల్లుపోకుండా నా మాట, ఆ గొంతులో అదే చిరాకు. విరుపు కూడా అదే. నేను రెండడుగుల దూరంలో, అదే పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఎవరన్నా చెప్పారా పెట్టుకోవచ్చని?"

"ఎవరూ చెప్పలేదు సార్. నాదే పొరపాటు," అన్నాడు బావ. నా వైపు చూడనైనా లేదు.

బావ పేరు కొట్టేశారు. కింది మెట్టు మీద సెంటుబాబు నిలబడ్డాడు. కప్పు పట్టుకుని వచ్చి "సారీ అంకుల్" అన్నాడు. వాడి సెంటు కంటే వాడి జాలి ఎక్కువ కంపు కొట్టింది. క్లబ్బు మీద, ఆ పుస్తకం మీద, ఆ టార్చి మీద తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. కానీ ఎవణ్ని తిట్టబోయినా అది తిరిగొచ్చి నాకే తగులుతోంది.

ఇంటికొస్తూ దారిలో బావ గతుకుల్లో ఎగిరెగిరిపడే ఆ కారును మెల్లగా తోలుతూ, "చివరిదాకా పెడలు రాయిలా ఉందిరా. ఒక్కసారి కూడా మెత్తబడలేదు. చూశావా?" అన్నాడు. చూశానన్నాను. ఆయన ముఖం వెలిగిపోతోంది. అది చూడలేక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

అక్క గుమ్మంలోనే సంగతంతా విని, నా వైపు తిరిగింది. "అదేంట్రా, పుస్తకమంతా నువ్వు చదివి చెప్పావుగా?"

నేను చంకలో పుస్తకాన్ని వీపు వెనక్కి జరిపాను.

"వాడు వద్దనే చెప్పాడే. నేనే వినలేదు," అన్నాడు బావ, బూట్లు విప్పుకుంటూ.

"ఎప్పుడు విన్నారు గనక!" అని అక్క ఆయన్ని చెడామడా దులిపేసి, లోపలికెళ్లి ముగ్గురికీ టీ తెచ్చింది. నిజం చెప్పడానికి నాకు టీ తాగినంతసేపూ టైముంది.

పంచదార తక్కువైందని మాత్రం చెప్పాను.