మైకమ్మ గొంతు తిరిగొచ్చిన వైనం

బస్టాండులో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. మైకు ముందు కూర్చుంటుంది కనుక మైకమ్మ, అంతే. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆ చిన్న అద్దాల గదే ఆమె సామ్రాజ్యం. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పి ఊరుకోవడం ఆమెకు చేతకాదు. "పరుగెత్తకండి తల్లీ, బస్సు ఇంకా కదల్లేదు. ముందు పిల్లదాని చెప్పు జారిపోయింది చూసుకోండి" అని కూడా కలిపేది. అద్దంలోంచి అన్నీ కనిపిస్తాయి మరి! ఆ గొంతులో ఏముండేదో గాని, బస్సు తప్పిపోయి ఏడుపుముఖం పెట్టినవాళ్ళు కూడా అది వింటే కుదుటపడేవారు.

అయితే అది మైకు గొంతు. మైకు కట్టేశాక వచ్చే గొంతు వేరు. ఆలస్యంగా వచ్చిన డ్రైవర్లనూ, బస్సు వదిలేసి టీకొట్టు దగ్గర కబుర్లాడే కండక్టర్లనూ గుక్క తిప్పుకోకుండా దులిపేసేది. ఎదురుగా దొరకనివాళ్ళకు డ్యూటీ గ్రూపులో వాయిస్ మెసేజీ పెట్టి మరీ తిట్టేది. కోపం ముక్కుమీదే ఉండేది గాని ఎక్కువసేపు నిలిచేది కాదు. తిట్టిన నోటితోనే "ఏమైనా తిన్నావా?" అని అడిగేది.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. డాక్టర్లు ప్రాణం దక్కించారు గాని, మాట దక్కలేదు. స్వరపేటిక తీసేయాల్సి వచ్చింది. సెలవు ముగిసి డ్యూటీకి వచ్చేసరికి మైకు గదిలో కంప్యూటరు మాట్లాడుతోంది. ఎవరో అమ్మాయి గొంతు, నిద్రలోంచి లేపితే పాఠం అప్పజెప్తున్నట్టు. మైకమ్మను తీసుకెళ్ళి పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. ఎవరెవరో మరచిపోయిన గొడుగులు, ఒంటి చెప్పులు, మూతలేని టిఫిను డబ్బాల మధ్య ఆమె ఒక్కతే. జీతానికి లోటు లేదు. ఆమెకు కావలసింది ఆ అద్దాల గదిలో కుర్చీ. లేచినా పడుకున్నా అదే ధ్యాస.

టైపు చేస్తే పైకి చదివే ఫోను కొనిచ్చాడు భర్త. అందులోనూ పరాయి గొంతే. "ఎవత్తె గొంతుతోనో నా మొగుడితో నేను మాట్లాడాలా?" అని పలకమీద రాసి ఫోను మంచంమీద పడేసింది మైకమ్మ.

ఆమె అన్నకూతురు యంత్రాలకు మాటలు నేర్పే కంపెనీలో పనిచేస్తుంది. సంగతి తెలిసి వచ్చి పక్కన కూర్చుంది.

"అత్తా, నీ పాత ప్రకటనలన్నీ డిపో కంప్యూటర్లో ఉన్నాయి కదా. అవి వినిపిస్తే మా ఏఐ నీ గొంతు పట్టేస్తుంది. నువ్వు టైపు చెయ్, అది నీలాగే మాట్లాడుతుంది."

"చాల్లేవే కోతలు" అని రాసింది మైకమ్మ.

కోతలు కావు. వారం తిరక్కముందే మేనకోడలు ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. భర్త కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. "ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది. లేవండి" అని టైపు చేసింది మైకమ్మ. ఫోను పలికింది. అచ్చం ఆమె గొంతే! కాకపోతే మాటమాటకూ ఆగుతూ, తేనె పూసినట్టు, అచ్చంగా బస్టాండు మైకులాగే.

భర్త ఉలిక్కిపడి లేచాడు. ఆనందంతో నోట వచ్చిన మాట ఇది: "ఏ ప్లాట్‌ఫారం మీదికో చెప్పలేదేమే?"

ముగ్గురూ కడుపుబ్బ నవ్వారు. పోనీలే, బస్టాండుకు కావలసింది ఈ గొంతేగా అనుకుని, మర్నాడే మైకమ్మ డిపో మేనేజరు గదికి వెళ్ళింది. ఈ మేనేజరు ఒకప్పుడు మీసమైనా సరిగా రాని గుమాస్తాగా ఇక్కడే చేరాడు. ఆమెచేత తినని చివాట్లు లేవు. ఇప్పుడు ఏసీ గది, తిరిగే కుర్చీ, అక్కా అనే పిలుపు కూడా మారింది.

"అద్భుతం మేడం!" అన్నాడు ఫోను వినగానే. "దీన్ని కంప్యూటర్లో పెట్టేస్తాం. అదే మీ గొంతుతో అన్నీ చెప్పుకుంటుంది. మీరు హాయిగా ఆ సామాన్ల గదిలో రెస్టు తీసుకోండి."

చూశారా తెలివి! గొంతు కావాలి, మనిషి అక్కర్లేదు. మైకమ్మకు ఒళ్ళు మండిపోయింది. గబగబా టైపు చేసింది: "సిగ్గులేదూ నీకు? నా గొంతు నన్నడక్కుండా పెట్టుకోవడానికి నువ్వెవడివి?" ఫోను దాన్ని ఎంతో మర్యాదగా, ప్రయాణికులకు శుభాకాంక్షలు చెప్పినట్టు చదివింది. మేనేజరు పడీపడీ నవ్వాడు.

"మీరేమన్నా వినసొంపుగానే ఉంది మేడం!"

మైకమ్మ ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపుకూ చప్పుడు లేదు, అదే ఘోరం. భర్త పక్కన కూలబడి, "ఏమేవ్, వాణ్ణి కాకపోతే నన్నైనా తిట్టవే. నువ్వు తిట్టక ఇల్లు ఇల్లులా లేదే" అన్నాడు. అది విన్న మేనకోడలు తల పట్టుకుంది.

"నాదే బుద్ధితక్కువ అత్తా! దానికి నీ ప్రకటనలే వినిపించాను. నీ కోపం అది ఎన్నడూ వినలేదు. తిట్లు కావాలి!"

మైకమ్మ దగ్గర ఒక్కటీ లేదు, పాత ఫోనుతోనే పోయాయి. తిట్టింది దాచుకుంటారా ఎవరైనా? మేనకోడలు సిగ్గు విడిచి అత్త ఫోనులోంచి డ్యూటీ గ్రూపులో అడిగింది: "మా అత్త మిమ్మల్ని తిట్టిన మెసేజీలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?"

ఇక చూడండి, తిట్ల వాన! ప్రతివాడి దగ్గరా ఉన్నాయి. ఒక కండక్టరు ఆమె తిట్టునే పొద్దున్నే లేపే అలారంగా పెట్టుకున్నాడట, వేరేదానికి మెలకువ రాదట. ఊరుగాని ఊళ్ళో రాత్రి బస చేసినప్పుడు బెంగ తీరడానికి వినేవాణ్ణని రాశాడు ఒక డ్రైవరు. చదివి మైకమ్మ మొహం తిప్పుకుంది. తనను చూసి వాళ్ళు భయపడతారనే ఇన్నాళ్ళూ అనుకుంది.

వాటన్నిటినీ విని కొత్తగా నేర్చుకున్న ఫోనుతో మళ్ళీ మేనేజరు గదిలోకి వెళ్ళింది. తలుపు బయట కండక్టర్లు చెవులు రిక్కించి నిలబడ్డారు. ఆమె టైపు చేసి మీట నొక్కింది.

"ఏమయ్యా! నా గొంతు కావాలి గాని నేను అక్కర్లేదా? అది నా ఒంట్లోంచి వచ్చింది, నీ స్టోరు రూములోంచి కాదు! నేననని మాట నా గొంతుతో అనిపిస్తావా? రేపు ఏ పనికిమాలినవాడో దానిచేత అబద్ధం చెప్పిస్తే జనం ఎవర్ని తిట్టుకుంటారు, నిన్నా నన్నా? నేనుంటేనే నా గొంతు ఉంటుంది. లేదంటే నేనూ నా గొంతూ ఇద్దరం పోతాం. తేల్చుకో!"

గది దద్దరిల్లింది. తిరిగే కుర్చీ ఖాళీగా తిరుగుతోంది. మేనేజరు తనకు తెలియకుండానే లేచి, చేతులు కట్టుకుని గోడవారన నిలబడ్డాడు.

"అలాగే అక్కా" అన్నాడు.

ఒప్పందం అక్కడికక్కడే కుదిరింది. ఆ గొంతు మైకమ్మ ఫోనులోనే ఉంటుంది, ఆమె వేలు పడితేనే పలుకుతుంది. ఆమె సెలవు పెట్టిన రోజున కంప్యూటర్లోని నిద్రమొహం అమ్మాయి చూసుకుంటుంది.

మర్నాడు పొద్దున మైకమ్మ అద్దాల గదిలో కుర్చీ తుడుచుకుని కూర్చుంది. ఫోను మైకుకు తగిలించింది. కింద జనం కిటకిటలాడుతున్నారు.

"మూడో ప్లాట్‌ఫారం మీది బస్సు కదలబోతోంది. ఎర్రసంచీ తాతగారూ, పరుగెత్తకండి. డ్రైవరు మీకోసం ఆగుతాడు. ఆగకపోతే వాడి సంగతి నేను చూస్తాను."

టీకొట్టు దగ్గర గ్లాసులు గాల్లోనే ఆగాయి. తాతగారు సంచీతో సహా నిలబడిపోయి పైకి చూశాడు. మూడో ప్లాట్‌ఫారం డ్రైవరు హారను కొట్టాడు. పక్కవాడు అందుకున్నాడు. అంతే, బస్టాండులో ఉన్న బస్సులన్నీ కలిసి మోత మొదలెట్టాయి. కండక్టర్లు బస్సుల రేకులు బాదుతూ ఈలలు వేశారు.

"ఎవర్రా ఆ హారన్లు? చెవులు పోతున్నాయి, ఆపండి!" అని ఫోనులోంచి అరిచింది మైకమ్మ, తన గొంతుతో, తన కోపంతో, ఊరంతటికీ వినబడేలా.

హారన్లు రెట్టింపయ్యాయి. వెధవల్లారా అని ఇంకాస్త గట్టిగా తిట్టాలని ఫోను దగ్గరికి తీసుకుంది. కళ్ళనిండా నీళ్ళు. ఒక్క అక్షరం కనిపిస్తే ఒట్టు.