బుడ్డలంటే ఏ పంట?

రెండేళ్ల కిందట, రబీ మొదట్లో కోడుమూరు దగ్గర ఒక పల్లెకు వ్యవసాయ సహాయకురాలిగా వచ్చాను. మాది మైదుకూరు వైపు. ఇదీ సీమే కదా, అన్నీ తెలుసనుకున్నాను. జొన్న, శనగ, వేరుశనగ, ఆముదం, కంది... ఏ చేలో ఏముందో ఈ-క్రాప్ యాప్‌లో ఎక్కించడం నా పని. అందులో ఉన్న పంటకే నష్టపరిహారం వస్తుంది.

నమోదు గడువు ముంచుకొస్తోంది. నరసమ్మ అనే రైతు చేలో అప్పుడే విత్తారు, మన్ను తప్ప ఏమీ కనబడలేదు.

"ఏం వేసినావక్కా?"

"బుడ్డలు ఏసినా పాపా, బోరు కింద."

మా వైపు బుడ్డలంటే బుడ్డశనగలే. శనగ అని నొక్కేసి పక్క చేనికి పరుగెత్తాను.

నాలుగు నెలలకు, పీకి ఆరబెట్టిన వేరుశనగ మీద అకాల వాన పడింది. నష్టపోయినవాళ్ల జాబితా గోడకంటించాం. అభ్యంతరాలకు చివరి రోజు నరసమ్మ వచ్చింది.

"నా పేరు యాడుండాది పాపా?"

"నీది శనగ కదక్కా?"

"బోరు నీళ్లు పెట్టి శనగ ఎవరేస్తారు? బుడ్డలు! సెట్టుకు కాసే కాయలు కాదు, బూమిలో ఊరే కాయలు. అవి కుళ్లిపాయ. మళ్లీ ఇత్తనానికి యాడికి పోదు?"

ఈ ఊళ్లో బుడ్డలంటే వేరుశనగ! బోరు అన్న మాటైనా నా బుర్రకెక్కలేదు. చేలో కుప్పల ఫొటో తీసుకుని, ఆమెను బండెక్కించుకుని మండల ఆఫీసుకు పోయాను.

"నోటిమాట నమ్మి ఎట్లా ఎక్కించావమ్మా?" అన్నారు అధికారి. ఆయన కంప్యూటర్లో ఈ-క్రాప్ సైటు తెరుచుకోక తిరుగుతూనే ఉంది. నేను కూర్చోలేకపోయాను. చివరికి పంట మారింది. నరసమ్మ నవ్వింది కానీ నాకు నెమ్మది లేదు. ఇంకెందరు బుడ్డలన్నారో?

శనగ జాబితాలో బోరున్న పేర్లు వెతికి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ముగ్గురివి మార్చగలిగాం. మద్దిలేటి అనే రైతు ఫోన్ ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేస్తుండగానే సాయంత్రమైంది, సైటు మూసుకుంది.

మర్నాడు ఆయనింటికి పోయాను. ఆయన వేసిందీ వేరుశనగే. పరిహారం రాదని, తప్పు నాదేనని చెప్పాను.

"మీ ఊర్లో శనగల్ని బుడ్డలంటారా? బలే ఉండాదే!" అన్నాడాయన. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మొలక కంటితో చూడందే ఏ పంటా ఎక్కించను. రైతులు విసుక్కుంటారు, విసుక్కోనీ. ఆ ఖరీఫ్‌లో విత్తనం లేక మద్దిలేటి చేను బీడు పడింది. ఆఫీసుకు నా దారి ఆ చేని పక్కనుంచే.