మెట్ల కింద తలస్నానం

పెర్సిస్ సిస్టర్‌కు ఎవరైనా సాయం చేస్తామంటే ఒళ్ళు మండుతుంది. ముప్ఫై ఆరేళ్ళు ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రి ఎముకల వార్డులో నర్సుగా చేసి, రిటైరై పదేళ్ళు దాటినా, జనక్‌పురిలో ఆ వీధి వీధంతా ఆమెను ఇప్పటికీ సిస్టర్ అనే పిలుస్తుంది. బీపీ చూపించుకోవడానికి వచ్చే పంజాబీ ఆంటీలకు, సూది అంటే ఏడ్చే పిల్లలకు, అందరికీ ఆమె చేయాలి. ఆమెకు మాత్రం ఎవరూ ఏమీ చేయకూడదు. ఆవిడ తీరే అంత.

అలాంటి మనిషి మొన్న ఫిబ్రవరిలో మెట్ల మీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఊళ్ళోవాళ్ళ తుంటి ఎముకలన్నిటికీ కాపలా కాసిన మనిషికి ఇదేం ఖర్మ చెప్పండి! ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని హాల్లో తిరుగుతోంది. కానీ మెట్లెక్కకూడదన్నారు, ముందుకు వంగకూడదన్నారు. పడకగదులూ, స్నానాలగదీ పైనున్నాయి. కింద ఉన్నవి హాలు, వంటగది, మెట్ల కింద ఒక ఇరుకు గది. ఆ గదిలో ఒక కమోడు, ఒక వాష్‌బేసిన్, అంతే. వంగి బకెట్టులోంచి ముంచుకునే వీల్లేదు. అందుకని ఐదు నెలలుగా ఆమె స్నానం హాల్లో మంచం మీదే. కోడలు సువార్త తెర లాగి, గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుని, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తుంది.

సువార్త తెనాలి పిల్ల, బడిలో టీచరు. ఓర్పున్న మనిషి. "మెడ వెనక వదిలేశావు, వేలి సందులు చూడు, గుడ్డ పిండి మరీ తుడవాలి" అని అత్తగారు గదమాయిస్తుంటే "సరే అత్తయ్యా, సరే అత్తయ్యా" అంటూ తుడిచేది. కోడలు గిన్నె తీసుకుని వెళ్ళాక పెర్సిస్ గోడ వైపు తిరిగి పడుకునేది. ఆ సమయంలో ఆమెను ఎవరూ పలకరించేవాళ్ళు కాదు.

ఇంకో సంగతి. ఆమె గుడికి, అదే చర్చికి, వెళ్ళడం మానేసింది. నర్సాపురంలో చిన్నప్పటి నుంచీ ఆదివారం అంటే ముందు తలస్నానం, తడి జుట్టు వదులుగా ముడేసుకుని తెల్ల చీర, ఆ తర్వాతే ఆరాధన. ఢిల్లీ వచ్చినా, జనవరి చలిలో పళ్ళు టకటకలాడినా ఆ అలవాటు తప్పలేదు. "తుడిచిన ఒంటితో నేను రాను" అని కూర్చుంది. తెలుగు సంఘం పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేసి, దేవుడు హృదయాన్నే చూస్తాడమ్మా అని నచ్చజెప్పబోయారు.

"హృదయం ఆయన చూసుకుంటాడండి అయ్యగారూ. తల నేను చూసుకోవాలి కదండీ" అంది పెర్సిస్. ఆయన టీ తాగి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం గురుగ్రామ్ ఆఫీసు నుంచి కొడుకు సైమన్ రాగానే తేల్చి చెప్పింది. "నా తల మీద నీళ్ళు నేనే పోసుకోవాలి. తలుపు వేసుకుని, ఎవరూ లేకుండా. ఆ ఒక్కటీ చూడు. ఇంకేమీ అడగను నిన్ను."

"అచ్ఛా మమ్మీ. మెట్ల కింద రూములో షవర్ పెట్టిస్తా" అన్నాడు సైమన్. కాసేపాగి నసిగాడు. "కానీ డాడీ టైల్స్ పగలగొట్టాలి, పర్లేదా?"

పెర్సిస్ మెట్ల కింది తలుపు వైపు చూసింది.

ఆ గది కట్టింది సిలాసే, సైమన్ తండ్రి. సర్కారు ఆఫీసులో టైపిస్టు. సైమన్ ఉయ్యాల్లో ఉన్నప్పుడు, ఆసుపత్రి క్రిములు మేడ మీదికి ఎక్కకూడదని మెట్ల కింద ఖాళీకి గోడ పెట్టించాడు. కీర్తినగర్ నుంచి సైకిలు వెనక కట్టుకుని నీలం టైల్స్ తెచ్చాడు. మేస్త్రిని పెట్టుకునే స్థోమత లేక మూడు ఆదివారాలు ఆరాధన అయ్యాక తానే కూర్చుని అతికించాడు. ఒక వరస పైకీ ఒక వరస కిందికీ పోయింది. "టైపు కొట్టేటప్పుడు కూడా ఇంతేనా?" అని పెర్సిస్ ఏడిపిస్తే, "గోడకి తప్పులు దిద్దే రబ్బరు లేదే" అనేవాడు.

నైట్ డ్యూటీ దిగి పొద్దున్నే బస్సులో వచ్చేసరికి ఆ గదిలో ఒక బకెట్టు వేన్నీళ్ళు సిద్ధంగా ఉండేవి. చల్లారకుండా పైన పళ్ళెం, పళ్ళెం మీద తువ్వాలు. చెప్పులు విడిచి, అందులోకి దూరి, కాళ్ళ మీద మొదటి మగ్గు పోసుకునేటప్పటికి రాత్రంతా నిలబడ్డ నొప్పి కిందికి దిగిపోయేది. పైనుంచి సిలాసు కేకేసేవాడు. "పెర్సీ, నీళ్ళు సరిపోయాయా?"

"సరిపోయాయండీ!"

సరిపోయేవి కాదు. ఆ రోజుల్లో ట్యాంకరు వస్తేనే నీళ్ళు. పైన పిల్లాడికి స్నానం చేయించాలి, ఆయన ఆఫీసుకు వెళ్ళాలి. ఇంకో రెండు మగ్గులుంటే ఎంత బాగుండునో అనుకుంటూనే తువ్వాలుతో తుడుచుకుని వచ్చేసేది. ఏళ్ళ తరబడి పైనుంచి అదే మాట, కింది నుంచి ఇదే అబద్ధం. సిలాసు పోయి తొమ్మిదేళ్ళయింది.

"పగలగొట్టించు" అంది చివరికి. "ఆయనే ఉంటే ఈపాటికి తనే సుత్తి పట్టుకుని కూర్చునేవాడు."

పని ఒప్పుకున్నది నసీం మిస్త్రీ. నెరిసిన గడ్డం, ముప్ఫై ఏళ్ళుగా పశ్చిమ ఢిల్లీ గోడలన్నీ తెలిసిన చెయ్యి. మొదటిరోజు మాతాజీ అన్నాడు. "సిస్టర్ అనవయ్యా" అని పెర్సిస్ గోదారి యాసలోని హిందీలో కసిరాక సిస్టర్‌జీ అనడం మొదలుపెట్టాడు. ఆమె హాల్లో కుర్చీ వేయించుకుని, పక్కన వాకర్ పెట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అజమాయిషీ చేసింది. వార్డు రౌండుకు ఏమీ తీసిపోదు.

నీలం టైల్స్ ఒక్కొక్కటే పగులుతుంటే మాత్రం వంటగదిలోకి వెళ్ళి కూర్చుంది. ఆ చప్పుడు అక్కడికీ వినబడింది. మధ్యాహ్నం నసీం వచ్చి, ఆరు టైల్స్ పగలకుండా ఊడివచ్చాయని చూపించాడు. సిమెంటు గీకేసి, పేపర్లో చుట్టి, మంచం కిందికి తోయించుకుంది. ఎందుకు అత్తయ్యా అని సువార్త అడిగితే, "ఉండనీ, నీకేం అడ్డం?" అంది.

గడప దగ్గర పెద్ద గొడవే అయింది. స్నానాలగది అన్నాక నీళ్ళు బయటికి రాకుండా నాలుగంగుళాల కట్ట కట్టాల్సిందే అని నసీం పట్టు. పుట్టాక ఒక్క బాత్రూము కూడా కట్ట లేకుండా కట్టలేదట.

"కట్ట కడితే నా వాకర్ దాటుతుందా? నువ్వొచ్చి ఎత్తుకుని లోపల దించుతావా?"

"హాలంతా నీళ్ళవుతాయి సిస్టర్‌జీ, తర్వాత నన్నంటారు."

"నేల మొత్తం వెనక గోడ వైపు వాలు పెట్టు, నీళ్ళు పోయే జాలీ అక్కడ పెట్టు. నీళ్ళు నీ మాట వినకపోయినా వాలు మాట వింటాయి."

నసీం గొణుక్కుంటూనే వాలు పెట్టాడు. ఒక బకెట్టు నీళ్ళు కుమ్మరించి చూస్తే చుక్క బయటికి రాలేదు. ఆనాటి నుంచి ఆమె మాటకు తిరుగులేదు. తలుపు వెడల్పు చేయించింది. నేలకు గరుకు టైల్స్, పట్టుకోవడానికి గోడకు స్టీలు కడ్డీలు రెండు. తుంటి వంగకుండా ఉండాలంటే పీట మోకాలికన్నా ఎత్తులో ఉండాలని, వెనక గోడకు మడత పీట బిగించడం దగ్గరుండి చూసుకుంది. కుళాయి ఎక్కడ, చేత్తో పట్టుకునే షవరుకు కొక్కెం ఎక్కడ, సబ్బు పెట్టే చోటెక్కడ, అన్నీ తానే లోపల నిలబడి సుద్దముక్కతో గోడ మీద గుర్తులు పెట్టింది. అన్ని వార్డులు చూసిన చెయ్యి కదా, ఒక్క గీత కూడా తడబడలేదు.

జూలైలో ఒక శనివారం పని పూర్తయింది. "కూర్చుని చూడండి సిస్టర్‌జీ" అన్నాడు నసీం, పెళ్ళికూతుర్ని అప్పగిస్తున్నంత సంతోషంగా. సైమన్, సువార్త గుమ్మంలో నిలబడ్డారు. పెర్సిస్ వాకర్ తోసుకుంటూ వెళ్ళి, కడ్డీ పట్టుకుని తిరిగి, చీరకట్టుతోనే పీట మీద కూర్చుంది. కుళాయి కోసం చెయ్యి చాచింది.

అందలేదు.

ఇంకాస్త చాచింది. వంగితే అందుతుంది. కానీ వంగకూడదు. షవరూ అంతే, సబ్బూ అంతే. అన్నీ తలుపు దగ్గర గోడకు, నిలబడ్డ మనిషి చేతి ఎత్తులో, ఆమెకు మూరెడు దూరంలో ఉన్నాయి.

"ఎవరు పెట్టమన్నారయ్యా ఇక్కడ?" అని అరిచింది.

నసీం కంగారుగా ఫోన్ తీసి ఫోటో చూపించాడు. సుద్దగీతల గోడ పక్కన పెర్సిసే ఉంది. ఎడమచెయ్యి వాకర్ మీద, కుడిచెయ్యి కుళాయి గుర్తు మీద. రోగికి కుడివైపున నర్సు ఎక్కడ నిలబడుతుందో సరిగ్గా అక్కడే నిలబడి ఉంది. మంచం పక్కన ముప్ఫై ఆరేళ్ళు నిలబడ్డ చోటు అది. పీట మీద కూర్చోబోయే మనిషి తానేనన్న సంగతి ఆ మహాతల్లికి తట్టనే లేదు.

ఆమె ఫోన్ తిరిగి నసీం చేతిలో పెట్టేసింది.

"కోయీ బాత్ నహీ మమ్మీ, పర్లేదు" అన్నాడు సైమన్. "ఒకరకంగా ఇదే సేఫ్. సువార్త ఇక్కడ నిలబడి పోస్తుంది, నువ్వు హాయిగా కూర్చో."

"అవునత్తయ్యా, నాకేం ఇబ్బంది లేదు" అంది సువార్త.

ఇద్దరూ మంచి మనసుతోనే అన్నారు. అదే పెర్సిస్‌ను ఎక్కువ బాధపెట్టింది. ఎందుకంటే ఆ మాట ఆమె కూడా ఎన్నోసార్లు అంది. ఆమెకు మిసెస్ భరద్వాజ్ గుర్తొచ్చింది. ఎప్పటి మాటో. రిటైరైన లెక్కల టీచరు, ఇదే తుంటి, ఇదే ఆపరేషన్. స్నానం చేయిస్తుంటే రోజూ చెయ్యి చాచేది. "సిస్టర్, మగ్గు ఒక్కసారి నాకివ్వవూ." పెర్సిస్ నవ్వి, "మీరు హాయిగా కూర్చోండి ఆంటీ, నేనున్నాగా" అనేది. వార్డులో ఇంకా ముప్ఫైమంది కాచుకుని ఉండేవాళ్ళు, ఆవిడకు మగ్గిస్తే అరగంట పట్టేది. ఒక్కరోజు కూడా ఇవ్వలేదు. ఆవిడ డిశ్చార్జి అయ్యి వెళ్ళేటప్పుడు థాంక్యూ కూడా చెప్పింది పాపం.

"ఆవిడకు ఇవ్వాల్సింది" అంది పెర్సిస్ పైకే. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఎవరికీ అర్థం కాలేదు.

తర్వాత తలెత్తి కొడుకును చూసింది. "సైమన్, తప్పు నాదే. నేను నర్సుకు గది కట్టించాను. ఇప్పుడు నాకు కట్టించు. సాయం అడుగుతున్నానురా. మళ్ళీ పగలగొట్టించు."

ఆమె నోటి నుంచి సాయం అన్న మాట వినడం సైమన్‌కు అదే మొదలు. వెంటనే నసీం వైపు తిరిగాడు.

నసీం ఆమెను పీట మీంచి లేవనివ్వలేదు. ఈసారి సుద్దముక్క ఆమె చేతికిచ్చి, "కూర్చునే గీయండి" అన్నాడు. చెయ్యి సుఖంగా ఆనినచోట ఆమె గీసింది. మర్నాడు ఆదివారమైనా వచ్చి గోడ చీల్చి పైపు జరిపాడు. అయితే కొత్త టైల్స్ మిగల్లేదు, దుకాణంలో ఆ రకం అయిపోయిందట. తెల్లగోడలో ఆరు టైల్స్ మేర బొక్క మిగిలింది. నసీం తల గోక్కుంటుంటే పెర్సిస్ మంచం వైపు చూపించింది. పేపరు పొట్లం విప్పారు. కుళాయి చుట్టూ ఆరు నీలం టైల్స్ ఎక్కాయి, ఈసారి వంకర లేకుండా. "కొంచెం వంకరగా పెట్టకపోయావా" అంది పెర్సిస్. మిస్త్రీ అది తన పనికి అవమానమనుకుని పెట్టలేదు.

వారం ఆగారు, సిమెంటు ఆరాలి కదా. ఆ పై ఆదివారం పొద్దున తెల్ల చీర కడ్డీకి తగిలించుకుని పెర్సిస్ లోపలికి వెళ్ళింది. గడియ మాత్రం వేయనివ్వలేదు సువార్త. వార్డు రూలే కదా అత్తయ్యా, మీరే చెప్పారు అంది. తలుపు మాత్రం తనే మూసుకుంది.

పీట మీద కూర్చుని చెయ్యి చాచింది. అందింది. మిద్దె మీది ట్యాంకు నీళ్ళు ఎండలకు అప్పటికే గోరువెచ్చగా ఉన్నాయి. మణికట్టు మీద పోసి చూసుకుంది, అలవాటు. తర్వాత కళ్ళు మూసుకుని షవరు తల మీద పెట్టుకుంది. ఐదు నెలల తర్వాత నీళ్ళు నెత్తి మీంచి చెవుల మీదుగా, మెడ వెనగ్గా, వీపు మీదికి దిగాయి. ఏడుస్తున్నానో లేదో ఆమెకే తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

బయట కారు హారను మోగింది. సైమన్ లోపలికొచ్చి తలుపు తట్టాడు.

"మమ్మీ, సరిపోయిందా? అయ్యగారు మొదలెట్టేస్తారు."

పెర్సిస్ కళ్ళు తెరిచింది. ఎదురుగా నీలం టైల్స్ తడిసి మెరుస్తున్నాయి. సరిపోయాయన్న ఆ పాత జవాబు ఆమె నోటికి అలవాటే, నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"చాల్లేదురా" అని గట్టిగా కేకేసింది, మేడ మీదికి కూడా వినబడేలా. "నీళ్ళు సరిపోలేదు. ఇంకాసేపు పోసుకుంటాను."