వెన్నుపాముల్ని ఉతికిన పూట

ఇరవై ఎలుకల వెన్నుపాముల్ని ఒక్క పూటలో పాడుచేసిన ఘనత నాది. ఎలా చేశానో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు మాత్రం నేను ఏడ్చాను.

మాది పేరాల. మా నాన్న చీరల నూలుకి రంగులద్దే మనిషి. నేను పుట్టి పెరిగిందంతా రంగు తొట్ల పక్కనే. మా ఇంట్లో అందరూ ఒప్పుకునే సత్యం ఒక్కటే. రంగేసిన నూలుని ఉతికితే నీళ్ళు తేటగా రావాలి. రంగు దిగుతూనే ఉంటే మళ్ళీ ఉతకాలి. లేదంటే ఆ చీర మొదటి తడుపుకే పక్క బట్టలన్నిటినీ ఖరాబు చేస్తుంది. ఇంత జ్ఞానం మూటగట్టుకుని నేను ఎం.ఫార్మసీ చదవడానికి తెనాలి వెళ్ళాను.

అక్కడ మా గైడ్ సుజాత మేడం. ఒంటిని కాపాడాల్సిన కణాలు ఒక్కోసారి దారితప్పి సొంత ఒంటి మీదే పడతాయి. అలాంటి జబ్బుని ఎలుకలకు తెప్పించి, వెన్నుపాము లోపల ఏం మారుతుందో చూడటం మా ప్రాజెక్టు. నరాల పోగుల మీద, కరెంటు తీగకి ఉన్నట్టే, ఒక తొడుగు ఉంటుంది. పేరు మైలిన్. దారితప్పిన కణాలు వెన్నుపాములోకి దూరి ఆ తొడుగుని తినేస్తాయి. ముందు ఎలుక తోక వాలిపోతుంది, తర్వాత వెనక కాళ్ళు ఈడుస్తుంది. సగం ఎలుకలకు జబ్బు తెప్పించాం, మిగతా సగాన్ని పోల్చి చూడటానికి మామూలుగా ఉంచాం. రోజూ పొద్దున్నే వాటి తోకలూ కాళ్ళూ చూసి మార్కులు వేసేదాన్ని. కాళ్ళీడ్చే ఎలుకని చూస్తే నిజంగా జాలేసేది. దాని లోపల ఎక్కడ ఏం తెగిందో చూడాలన్న ఆత్రమూ అంతే ఉండేది, దాచడమెందుకు.

చివరికి ఆ రోజు వచ్చింది. చంపిన ఎలుకల వెన్నుపాముల్ని మైనంలో భద్రపరిచి, పల్చగా కోసిన ముక్కల్ని గాజు స్లైడ్ల మీద అతికించి, రాత్రంతా నీలం రంగులో నానబెట్టాం. ఆ నీలం మైలిన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. మిగతా చోట్ల అంటిన రంగుని ఆల్కహాల్‌తో కడిగెయ్యాలి. మైలిన్ ఉన్నచోట నీలం నిలుస్తుంది, జబ్బు తిన్నచోట వెలవెలబోతుంది. మేడం ఆ పొద్దున చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కి రేపల్లె వెళ్తూ, కడిగేటప్పుడు మధ్యమధ్యలో మైక్రోస్కోపులో చూసుకోమని మరీమరీ చెప్పారు. నేను తలూపాను కానీ లోపల నవ్వుకున్నాను. పేరాల పిల్లకి రంగు కడగడం నేర్పుతారా?

కడిగాను. ఆల్కహాల్ నీలంగా దిగింది. పారబోసి కొత్తది పోశాను. మళ్ళీ నీలమే. నాకు పట్టుదల పెరిగింది. ఎన్నిసార్లు మార్చానో గుర్తులేదు కానీ, ఆఖరికి అది మంచినీళ్ళలా తేటగా నిలిచింది. మా నాన్న చూసి ఉంటే భుజం తట్టేవాడు.

ముందుగా బాగా జబ్బుపడ్డ ఎలుక స్లైడు పెట్టి చూశాను. మచ్చుకైనా నీలం లేదు. మైలిన్ మొత్తం పోయిందన్నమాట! సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవలేదు. తర్వాత మామూలు ఎలుకది పెట్టాను. అందులోనూ లేదు. బుద్ధున్న ఎవరైనా ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. నేనూ ఆలోచించాను. నడవడానికి అసలు మైలిన్ అక్కర్లేదనీ, పుస్తకాలన్నీ తప్పనీ తేల్చేసి మేడంకి ఫోన్ చేశాను.

మేడం భోజనాల బంతిలో ఉన్నారు. "ఏంటి శైలూ, రంగు బాగా పట్టిందా?" అన్నారు.

"మామూలు ఎలుకలకి కూడా మైలిన్ లేదండి మేడం."

అవతల ఎవరో సాంబారు వడ్డిస్తున్న చప్పుడు. "ఆ ఎలుకలు నడిచేవి కదా?"

"పరిగెత్తేవండి. ఒకటి నా చేతిలోంచి జారి బీరువా కిందకి దూరింది కూడానండి."

"మరి మైలిన్ లేకుండా ఎలా పరిగెత్తింది?"

"అదేనండి నేను కనిపెట్టింది."

మేడం కోప్పడలేదు. ఎంతసేపు కడిగావని మాత్రం అడిగారు. తేటపడేదాకా అని గర్వంగా చెప్పాను. "ఆ కడిగిందంతా ఏం చేశావు?" అన్నారు. సింకులో పోశానన్నాను.

"అయితే నువ్వు వెతుకుతున్న మైలిన్ రంగంతా ఆ సింకులోనే ఉందమ్మా," అన్నారు మేడం.

అప్పుడు దిగింది నా నిషా. గురువారం ఎగ్జామినర్ వస్తున్నారు. స్లైడ్లు లేకపోతే నా డిగ్రీ ఆర్నెల్లు వెనక్కి పోతుంది. అంతకన్నా, ఆ ఎలుకలు ప్రాణాలిచ్చింది నేను సింకులో పోయడానికా అనిపించి నిజంగానే ఏడ్చాను. మర్నాడు మేడం మొదటి రైలుకే వచ్చేశారు. మైనంలో భద్రపరిచిన ముక్కలు అదృష్టవశాత్తూ కాస్త మిగిలాయి. మళ్ళీ కోశాం, మళ్ళీ నానబెట్టాం. ఈసారి నిమిషానికోసారి మైక్రోస్కోపులో చూస్తూ కడిగాను. జబ్బుపడ్డ ఎలుక వెన్నుపాము అంచు చుట్టూ నీలం వలయం నిలిచింది. దాని అంచున చిన్న వెలవెల మచ్చ, మచ్చ నిండా గుమిగూడిన కణాలు. అంత చిన్న మచ్చ ఒక కాలిని పడేసిందని చూసి చాలాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

గురువారం బాపట్ల నుంచి వచ్చిన ఎగ్జామినర్‌గారికి మేడం నా కథంతా పూసగుచ్చినట్టు చెప్పేశారు. ఆయన మంచి స్లైడ్లు చూశాక, పాడైనవి కూడా అడిగి మరీ చూశారు.

"ఎలుకలకి ఈ జబ్బు రావడానికి ఎన్నాళ్ళు పట్టిందమ్మా?"

"రెండు వారాలండి."

"రెండు వారాలు కష్టపడి అది ఇంత మచ్చే చెయ్యగలిగింది. నువ్వు ఒక్క పూటలో మొత్తం ఊడ్చేశావు. నీ మీద రీసెర్చి చెయ్యాలమ్మా," అని పాస్ మార్కులు వేశారు.

ఆ క్షణాన మైక్రోస్కోపు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఇకమీదట ఎంత గొప్ప విషయం కనిపెట్టినా సరే, ముందు సింకులోకి తొంగిచూడకుండా పుస్తకాలు తప్పని ఎవరికీ ఫోన్ చెయ్యను. బంతిలో కూర్చున్నవాళ్ళకి అసలే చెయ్యను.