ఆమె పాటలకు నేను ఆడిన బేరం

మా నాన్నది జగ్గయ్యపేటలో స్టీలు సామాన్ల కొట్టు. బేరం తెగక లేచిన మనిషిని రెండు మెట్లు దిగనిచ్చి, మూడో మెట్టు మీద వెనక్కి పిలిచేవాడు. అలా పిలిపించుకోవడానికే లేచేవాళ్లూ ఉండేవారు. ఆ విద్య నాకు పలకా బలపం కన్నా ముందే పట్టుబడింది. వంకాయల బండి దగ్గర కూడా ప్రయోగించి, ఒక్కోసారి కూర లేకుండా ఇంటికొచ్చేదాన్ని.

అందుకే నందిగామ కాలేజీలో నా స్నేహితురాలు బ్యాండు పెట్టినప్పుడు నన్నే మేనేజరును చేసింది. తను ఒక టీచరుగారి అమ్మాయి. చర్చిలో పాటలకు వాయిస్తూ గిటారు నేర్చుకుంది. ఎలక్ట్రిక్ గిటారు భుజాన వేసుకుని రాక్ పాడే ఆడపిల్లను మా వైపు అంతకుముందు ఎవరూ చూడలేదు. మొదటిసారి క్రిస్మస్ ప్రోగ్రాంలో తీగ మీటగానే ముందు వరసలో ఒక మామ్మగారు చెవులు మూసుకుని, "మిక్సీలో గులకరాళ్లేసిందేంటమ్మా ఈ పిల్ల!" అన్నారు.

తను మైకులోనే, "ఇంకా మెదగలేదు మామ్మగారూ, కాస్త ఓపిక పట్టండి" అంది. ఆ నవ్వుల మధ్యే రెండో పాట ఎత్తుకుంది.

ఎనిమిదేళ్లు తిరిగాం. డ్రమ్ములు ఆటోలో, మేం బస్సులో. చిల్లకల్లులో రిసెప్షన్లు, నందిగామలో కాలేజీ డేలు. ఎక్కడికెళ్లినా సినిమా పాటలే అడిగేవారు. "గిటారు నిజంగానే వాయిస్తదా, ఊరికే పట్టుకుంటదా?" అని నన్ను పక్కకు పిలిచి అడిగినవాళ్లున్నారు. తను సొంతంగా కట్టినవి పద్నాలుగు పాటలు. మిరపకోతలకు వెళ్లే ఆడవాళ్ల మీద ఒకటి, హైవే లారీల మీద ఒకటి. మా బ్యాండు వాళ్లకు తప్ప అవి ఎవరికీ తెలియవు.

"ఒక్కసారి పెద్ద స్టేజీ మీద నావి నేను పాడాలే. తర్వాత జీవితాంతం రిసెప్షన్లలో పాడమన్నా పాడతా" అనేది.

ఆ ఒక్కసారీ వచ్చింది. హైదరాబాదులో పెద్ద రాక్ షో పెట్టేవాళ్లు మేం పంపిన తన పాటల రికార్డింగు విన్నారు. వాళ్ల మనిషి బెజవాడ హోటల్లో దిగి మమ్మల్ని రమ్మన్నాడు. తనేమో టైఫాయిడ్‌తో మంచం మీద ఉంది. "నువ్వెళ్లవే, ఎలాగైనా ఒప్పుకునిరా" అంది.

"మూడు పాటలు మాకు చాలా నచ్చాయండి. అవి పాడితే చాలు" అని ఆయన వాటి పేర్లు కూడా చెప్పాడు. నేను వింటేగా? మూడన్నాడంటే అయిదు దాకా వస్తాడని మనసులో లెక్క వేసుకుంటున్నాను.

"అయిదైతేనే వస్తామండి."

"టైముండదమ్మా. మూడే."

"అయితే వద్దులెండి" అని లేచాను.

తలుపు దాకా నెమ్మదిగా నడిచాను. లిఫ్టు దగ్గర వంగి చెప్పు సరిచేసుకున్నాను. కింద మంచినీళ్లడిగి తాగాను. తిరుగు బస్సు పరిటాల హనుమంతుడి విగ్రహం దాటేదాకా ఫోను చేతిలోనే ఉంది. ఎవరూ పిలవలేదు. మర్నాడు నేనే చేస్తే, వేరే బ్యాండుకు ఇచ్చేశామన్నారు.

తనతో మాత్రం, "నీ పాటలు నచ్చలేదంట" అన్నాను.

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

తను మళ్లీ పాట కట్టలేదు. ఇంకో రెండేళ్లు రిసెప్షన్లలో పాడి, గిటారు ఎవరికో ఇచ్చేసి, స్కూల్లో పిల్లలకు ప్రార్థన గీతాలు నేర్పే ఉద్యోగంలో చేరింది.

పోయిన వేసవిలో వాళ్లింటికెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. తను చేటలో కందిపప్పు ఏరుతోంది. తిడుతుందనుకున్నాను. ఆ తిట్లు తగ్గించుకోవడానికి కూడా నాలుగు మాటలు సిద్ధం చేసుకునే వెళ్లాను, బుద్ధి ఎక్కడికి పోతుంది! తను చేట పక్కన పెట్టింది.

"నచ్చాయన్నాడా?"

"చాలా నచ్చాయన్నాడే."

"ఏ మూడు?"

ఏవో మూడు పేర్లు చెప్పేయొచ్చు. కొట్లో పెరిగినదాన్ని, మాటలకు కొదవా? కానీ నోరు రాలేదు. "నేను వినలేదే" అన్నాను.

తను వేళ్లు మడుస్తూ పద్నాలుగు పాటల పేర్లూ వరసగా చెప్పింది. ప్రతి పేరు దగ్గరా ఆగి నా ముఖంలోకి చూసింది.